మెమరీ మాడ్యూళ్ళ ఎంపిక

మెమరీ మాడ్యూల్ అనేది ర్యామ్ చిప్పులను అమర్చిన చిన్న సర్క్యూట్ పలక. కంప్యూటరులో నడుస్తున్న ప్రోగ్రాములు, వాటి సమాచారం తాత్కాలికంగా ఇందులో ఉంటాయి. విద్యుత్తు ఆగిపోతే ఇవి చెరిగిపోతాయి. డెస్క్‌టాప్ కంప్యూటర్లలో వాడే మాడ్యూలును డిమ్ అనీ, ల్యాప్‌టాప్‌లలో వాడే పొట్టి మాడ్యూలును సోడిమ్ అనీ అంటారు. మాడ్యూలులో లోపముంటే కంప్యూటర్ మధ్యలో ఆగిపోవడమే కాక, భద్రపరచే ఫైళ్ళలోని సమాచారం తెలియకుండానే తారుమారు కావచ్చు. అందువలన వీటి ఎంపికలో వేగం కంటే పొందిక, విశ్వసనీయత ముఖ్యమైనవి.

తరాలు

ఈ మాడ్యూళ్ళ ప్రమాణాలను జెడెక్ అనే సంస్థ రూపొందిస్తుంది. ముఖ్యమైన తరాలు:

* డీడీఆర్ - 184 పిన్నులు, 2.5 వోల్టులు
* డీడీఆర్2 - 240 పిన్నులు, 1.8 వోల్టులు
* డీడీఆర్3 - 240 పిన్నులు, 1.5 వోల్టులు
* డీడీఆర్4 - 288 పిన్నులు, 1.2 వోల్టులు
* డీడీఆర్5 - 288 పిన్నులు, 1.1 వోల్టులు (ప్రమాణం 2020లో వెలువడింది)

పిన్నుల సంఖ్య సమానమైనా అంచులోని గాడి స్థానం వేరుగా ఉంటుంది కనుక ఒక తరం మాడ్యూల్ మరొక తరం స్లాటులో పట్టదు. కొనేముందు మదర్‌బోర్డు ఏ తరాన్ని, ఎంత సామర్థ్యాన్ని అనుమతిస్తుందో దాని వివరపుస్తకంలో చూసుకోవాలి.

నాణ్యతను నిర్ణయించే అంశాలు

చిప్పులు: ప్రపంచంలోని డీర్యామ్ చిప్పులలో అధిక భాగాన్ని శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ సంస్థలు తయారుచేస్తాయి. అనేక ఇతర సంస్థలు ఈ చిప్పులను కొని మాడ్యూళ్ళుగా కూర్చి తమ పేరుతో అమ్ముతాయి.

వేగం, జాప్యం: పెట్టెపై కనిపించే పెద్ద సంఖ్య ఒక్కటే కొలమానం కాదు. సీఎల్ సంఖ్యను 2000తో హెచ్చించి వేగంతో భాగిస్తే జాప్యం నానోసెకండ్లలో వస్తుంది. 3200 వేగం, సీఎల్ 16 గల డీడీఆర్4కూ, 6000 వేగం, సీఎల్ 30 గల డీడీఆర్5కూ ఇది 10 నానోసెకండ్లే. అయితే రెండవది సెకనుకు ఎక్కువ సమాచారాన్ని చేరవేస్తుంది.

జంట: ఒకే సామర్థ్యం గల రెండు మాడ్యూళ్ళను సరైన స్లాట్లలో అమర్చితే, రెండు మార్గాల్లో ఒకేసారి సమాచారం ప్రవహిస్తుంది. కలిపి అమ్మే జంటను కొనడం మేలు.

ఈసీసీ: ఇది ఒక బిట్టు తప్పును తానే సరిదిద్దే ఏర్పాటు. సర్వర్లలో ఎక్కువగా వాడతారు. ప్రాసెసర్, మదర్‌బోర్డు కూడా దీనికి అనుకూలించాలి.

వేడి, పొడి ప్రాంతాలలో

వాతావరణం కూడా మెమరీ మన్నికపై ప్రభావం చూపుతుంది. రాయలసీమలోని అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. ఇక్కడ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. డీర్యామ్ చిప్పు తన కణాలలోని ఆవేశాన్ని సాధారణంగా 64 మిల్లీసెకండ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. చిప్పు 85 డిగ్రీల సెల్సియస్ దాటితే డీడీఆర్3, డీడీఆర్4లలో ఈ పని రెట్టింపు తరచుగా జరగాలి. కనుక ఖరీదైన లోహపు తొడుగు కంటే కేబినెట్‌లో గాలి ఆడటం, ఫ్యాన్లలో దుమ్ము తొలగించడం ముఖ్యం.

పొడిగాలిలో స్థిర విద్యుత్తు సులభంగా పోగవుతుంది. సుమారు 3,000 వోల్టులకు చేరనిదే అది మనిషికి తెలియదు. అంతకంటే చాలా తక్కువ వోల్టేజికే చిప్పు దెబ్బతినవచ్చు. మాడ్యూలును తాకేముందు విద్యుత్తు ఆపి, ఎర్తింగ్ ఉన్న లోహాన్ని తాకి, పలకను అంచులతో మాత్రమే పట్టుకోవాలి.

పరీక్షించడం

కొత్త మాడ్యూలును అమర్చిన వెంటనే మెమ్‌టెస్ట్86 వంటి ప్రోగ్రాముతో కొన్ని గంటలు పరీక్షించాలి. ఒక్క తప్పు కనిపించినా, మాడ్యూళ్ళను ఒక్కొక్కటిగా, వేర్వేరు స్లాట్లలో పెట్టి చూస్తే లోపం మాడ్యూలుదో స్లాటుదో తెలుస్తుంది. మార్పిడికి బిల్లు, వారంటీ పత్రం భద్రపరచుకోవాలి.

ఇవి కూడా చూడండి

* మదర్‌బోర్డు
* ర్యామ్
* స్థిర విద్యుత్తు