గాదె నిండిన ఇల్లు
(బంగారు గనుల సీమలో ఇంటి ధాన్య నిల్వల చరిత్ర)

కోలారు బంగారు గనుల చరిత్ర అనగానే ఎవరికైనా స్ఫురించేవి లోతైన గనులు, ఎత్తైన ఇనుప చక్రాల గోపురాలు, సైనైడు దిబ్బలు. ఎన్ని టన్నుల బంగారం బయటికి వచ్చిందన్న లెక్కలు పుస్తకాలలో ఉన్నాయి. ఆ బంగారాన్ని తవ్విన వారి ఇళ్లలో పొయ్యి ఆరకుండా కాపాడిన రాగుల మూట గురించి మాత్రం వ్రాసినవారు తక్కువ. నెల జీతం మీద ఆధారపడిన వేలాది కుటుంబాలు కరువును, ప్లేగును, యుద్ధాన్ని, సమ్మెలను, చివరకు గనుల మూతను కూడా తట్టుకొని నిలిచాయి. అందుకు తోడ్పడిన కారణాలలో ఇల్లాలి ముందుచూపు ఒకటి. ఆండర్సన్‌పేట తెలుగు కుటుంబాల చరిత్రలో ఆ అధ్యాయానికి తగిన స్థానం కల్పించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రాగి పంట, పాతర

కోలారు సీమ మెట్ట ప్రాంతం. నందికొండల్లో పుట్టిన పాలారు ఈ జిల్లా గుండా ప్రవహిస్తున్నా అది జీవనది కాదు. పూర్వం నుండి ఇక్కడి సేద్యం చెరువుల మీద, వానల మీద ఆధారపడినదే. అందుచేత వరి కంటే రాగి ఈ నేలకు తగిన పంట అయింది. 1800-01 సంవత్సరాలలో మైసూరు రాజ్యంలో పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్ ఈ ప్రాంతాల రాగి సేద్యాన్ని గురించి విస్తారంగా వ్రాశాడు.

రాగికి మరొక గొప్ప గుణం ఉంది. దాని గింజ ఆవగింజను పోలి చిన్నది. బియ్యాన్ని, జొన్నలను తొలిచే ముక్కపురుగు గింజ లోపలే పెరగాలి. రాగి గింజలో దానికి చోటు చాలదు. అందువల్ల బాగా ఎండిన రాగులు ఏళ్ల తరబడి చెడకుండా ఉంటాయి. ఒక ఏడు పండినది రెండు మూడు ఎండు సంవత్సరాలకు ఆసరా కావలసిన సీమలో ఇంతకు మించిన వరం లేదు.

ఆ రాగులను దాచేందుకు పెద్దలు ఎంచుకొన్న సాధనం పాతర. నీరు ఊరని మెరక నేలలో గుంట తవ్వి, లోపల మంట వేసి గోడలను ఎండగట్టి, గడ్డి పరచి, ధాన్యం పోసి, మూతి మీద రాతి పలక పెట్టి మట్టితో మెత్తేవారు. మూసిన పాతరలో ధాన్యం శ్వాసించి ప్రాణవాయువును హరిస్తుంది. దానితో పురుగు బ్రతకదు. అదే కారణం చేత పాతర తెరచిన వెంటనే లోపలికి దిగడం ప్రాణాపాయం. మూత తీసి గాలి ఆడనిచ్చి, దీపాన్ని లోపలికి దించి, అది ఆరకుండా వెలిగితేనే మనిషిని దించేవారు. శాస్త్రం చదువుకోని రైతు అనుభవంతో సంపాదించిన ఈ జ్ఞానం మన విద్యార్థులకు నేటికీ పాఠంగా చెప్పదగినది.

ధాత కరువు నేర్పిన గుణపాఠం

1876-78 నాటి మహాక్షామం ధాత నామ సంవత్సరంలో మొదలైనందున దానికి ధాత కరువు అని పేరు వచ్చింది. 1871 జనాభా లెక్కలలో యాభై లక్షలకు పైగా ఉన్న మైసూరు రాజ్యపు జనసంఖ్య 1881 నాటికి దాదాపు నలభై రెండు లక్షలకు పడిపోయింది. ఆ ఒక్క వాక్యంలో ఎన్ని ఊళ్ల శోకం ఇమిడి ఉన్నదో ఊహించవలసిందే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. జోలార్‌పేట నుండి బెంగళూరు కంటోన్మెంటుకు ఈ సీమ గుండా రైలు మార్గం 1864లోనే ఏర్పడింది. క్షామకాలంలో రైళ్లలో ధాన్యం వచ్చింది కూడా. కాని వరుసగా వానలు తప్పినందున కూలి పనులు లేవు. కూలి లేనివారి చేతిలో డబ్బు లేదు. ధరలు మాత్రం ఆకాశాన్ని అంటాయి. బజారులో ధాన్యం ఉన్నంత మాత్రాన అది ఇంటిలోకి రాదని, ఇంటిలో ఉన్న ధాన్యానికే ఆపదలో నిజమైన విలువ అని ఆ తరం వారు బాధతో నేర్చుకొన్నారు. అయితే పాతరలు కూడా అందరికీ ఉండేవి కావు. భూమి ఉన్నవాడికే పాతర. కౌలుదారు, కూలి, పాలేరు ఏ రోజు గింజలను ఆ రోజే వండుకొనేవారు. కరువు మొదట కబళించినది వారినే.

ఆ కరువు మిగిల్చిన పేదరికమే గనులకు కూలీలను సమకూర్చిన కారణాలలో ఒకటి. 1875లో మైకేల్ లవెల్లీ గని తవ్వకానికి అనుమతి పొందాడు. 1880 నుండి జాన్ టేలర్ సంస్థ ఆధ్వర్యంలో తవ్వకం స్థిరపడింది. ఉత్తర ఆర్కాడు, సేలం జిల్లాల నుండి తమిళులు, చిత్తూరు సీమ నుండి, కోలారు పల్లెల నుండి తెలుగువారు గనులకు తరలివచ్చారు.

లైను ఇంటిలో గాదె ఎక్కడ?

పల్లె నుండి వచ్చిన కుటుంబానికి గనుల లైన్లలో దొరికిన ఇల్లు చిన్న గది మాత్రమే. తొలినాళ్లలో వెదురు తడికెలతో కట్టిన గుడిసెలే ఎక్కువ. పాతర తవ్వుకోవడానికి పెరడు లేదు. గాదె నిలపడానికి స్థలం లేదు. దీనికి తోడు 1898లో ప్లేగు మైసూరు రాజ్యంలో ప్రవేశించింది. ఎలుకల వలన ఆ వ్యాధి వ్యాపిస్తుందన్న సంగతి స్థిరపడిన తరువాత, ఎలుకలను ఆకర్షించే ధాన్యపు మూట ఇంటిలో ఉండడమే భయకారణమైంది. పల్లెలో ప్రాణం నిలిపిన నిల్వ ఇరుకు లైనులో ప్రాణం మీదకు తెచ్చే ప్రమాదం ఏర్పడింది.

ఈ చిక్కుకు ఇల్లాళ్లు కనుగొన్న పరిష్కారం రేకు డబ్బా. ఖాళీ కిరసనాయిలు డబ్బాను బూడిదతో తోమి, వాసన పోయేవరకు ఎండబెట్టి, బిగువైన మూత పెట్టి అందులో ధాన్యం పోసేవారు. ఎలుక పన్ను రేకును కొరకలేదు. అటక మీద, మంచం క్రింద ఈ డబ్బాలు వరుసగా నిలిచేవి. అదే లైను ఇంటి గాదె.

అంతకంటె కఠినమైన సమస్య అప్పు. బట్వాడా నాడు చేతికి వచ్చిన జీతం అంగడి పద్దుకు జమ అయ్యేది. మరునాటి నుండి మళ్లీ అరువు. అరువు మీద కొనేవానికి బేరమాడే నోరు ఉండదు. తూకం మీద, నాణ్యం మీద, ధర మీద షావుకారు చెప్పినదే మాట. ఈ సంకెలను తెంచుకోవడానికి ఒక నెల సరుకు ముందుగా ఇంటిలో ఉండడం తప్ప వేరే మార్గం లేదు. ఒకేసారి నెల సరుకు అదనంగా కొనే శక్తి కూలివానికి ఉండదు. కాని కొద్దికొద్దిగా కూడబెట్టడం సాధ్యమే. నెలకు ఇరవై నాలుగు సేర్లు ఖర్చయ్యే కుటుంబం ఇరవై ఆరు సేర్లు కొని, మిగిలిన రెండు సేర్లను వేరే డబ్బాలో వేస్తే, ఏడాది తిరిగేసరికి సరిగా ఒక నెల గ్రాసం నిల్వ అవుతుంది. ఆనాటి నుండి ఆ ఇంటివారు రొక్కం ఇచ్చి, ధర తగ్గినప్పుడు, తమకు నచ్చిన అంగడిలో కొనగలరు. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం వేరే కుండలో వేసే పాత అలవాటులో ఉన్నది కూడా ఈ గణితమే.

కాలాన్ని బట్టి కొనుగోలు

పొదుపులో రెండవ మెట్టు కాలజ్ఞానం. డిసెంబరు, జనవరి మాసాలలో రాగులు, కందులు, అనపకాయలు ఇళ్లకు చేరుతాయి. వేసవి ముంగిట చింతపండు, మిరపకాయలు వస్తాయి. ఆ తరువాత శ్రీనివాసపురం మామిడి. కళ్లం దగ్గర ఉన్న ధర వానాకాలానికి ఉండదు. అందుచేత పంట చేతికి వచ్చిన వేళకు ఏడాది సరుకు చేర్చుకోవడం గృహిణి ధర్మంగా భావించేవారు. సొంత ఊరితో సంబంధం తెంచుకోని కుటుంబాలకు పండుగకు వెళ్లిన మనిషి మూటతో తిరిగి రావడమే ఏటి కొనుగోలు. 1894లో బౌరింగ్‌పేట నుండి మారికుప్పం వరకు వచ్చిన రైలు ఆ రాకపోకలను సులభం చేసింది.

కొన్నదానిని కాపాడడంలో స్త్రీలు చూపిన నేర్పు అపారం. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టేవారు. పెసలకు, కందిపప్పుకు కొద్దిగా ఆముదం రాచేవారు. బియ్యంలో ఎండిన వేపాకు, పప్పులో ఎండుమిర్చి వేసేవారు. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి, జాడీలో అదిమేవారు. అనపగింజలను నానబెట్టి పితికి, పితకపప్పును ఎండబెట్టేవారు. కాయగూరల ఒరుగులు, వడియాలు, అప్పడాలు, ఊరగాయలు వర్షాకాలపు కూరలయ్యేవి. వీటన్నిటిలో ఉన్న సూత్రం ఒక్కటే: తడి తగలరాదు, గాలి చొరరాదు, పాతది ముందు, కొత్తది తరువాత వాడాలి. గనిలో రాతి విస్ఫోటనం జరిగి ఇంటి యజమాని తిరిగి రానినాడు, సమ్మె సాగి బట్వాడా ఆగినవేళ, ఆ డబ్బాలలో ఉన్నదే పిల్లల కడుపు నింపేది.

యుద్ధం, రేషను, కూడబెట్టుటలో న్యాయం

1942లో బర్మా జపానువారి వశమైంది. అక్కడి బియ్యం రాక ఆగిపోయింది. 1943లో వంగదేశంలో లక్షలాది ప్రజలు ఆకలితో మరణించారు. అదే సంవత్సరం ఆహారధాన్యాల విధాన సంఘం లక్షకు మించిన జనాభా గల పట్టణాలలో రేషను పెట్టాలని సూచించింది. బంగారు గనుల జనాభా అప్పటికే లక్ష దాటింది. మైసూరు సంస్థానంలోను ధాన్య సేకరణ, రేషను అమలులోకి వచ్చాయి.

దాచుకొనడానికి, దాచివేయడానికి గల భేదం ప్రజలకు అప్పుడు స్పష్టమైంది. ధర చౌకగా, సరుకు సమృద్ధిగా ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా చేర్చుకొన్నది ఎవరి నోటి ముందు కూడును తీయదు. పైగా కొరత వచ్చినప్పుడు ఆ కుటుంబం బజారు మీద పడదు. పొరుగువారికి ఒక వంతు మిగులుతుంది. కొరత వచ్చిన తరువాత భయంతో బస్తాలు ఎత్తుకొనిపోవడం, లాభం కోసం కొట్లలో దాచడం సమాజద్రోహం. 1955లో వచ్చిన నిత్యావసర సరుకుల చట్టానికి మూలమైన నీతి ఇదే.

1965-66 నాటి అనావృష్టిలో దేశం అమెరికా గోధుమల మీద ఆధారపడవలసి వచ్చింది. వారానికొక పూట భోజనం మానమని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ప్రజలను కోరారు. 1965లోనే భారత ఆహార సంస్థ వెలసింది. ఆ దశాబ్దంలోనే ధాన్య రక్షణ ఉద్యమాన్ని ప్రారంభించి, ఇంటింటా రేకు గాదెలను ప్రభుత్వం ప్రోత్సహించింది. 1950లో మైసూరులో ఏర్పడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, ధాన్యం నిల్వ మీద పరిశోధన, శిక్షణలు సాగించిన బాపట్ల కేంద్రం ఈ విద్యను శాస్త్రీయంగా పెంచాయి. పన్నెండు శాతానికి మించని తేమ, బిగువైన మూత అన్న వారి సలహా మన అవ్వల మాటకు అంకెలు చేర్చింది.

గనులు మూతపడిన వేళ

గనులు 1956లో మైసూరు ప్రభుత్వానికి, 1962లో కేంద్రానికి చేరాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న తవ్వకం నిలిచిపోయింది. నూట ఇరవై సంవత్సరాల బట్వాడా ఒక్కనాటితో ఆగింది. ఆనాటి నుండి పట్టణంలో వేలాదిమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లి రాత్రికి తిరిగివచ్చే జీవితానికి అలవాటు పడ్డారు.

2020 మార్చి 25న కరోనా నిర్బంధం మొదలై ఆ రైళ్లు కూడా ఆగినప్పుడు పాత పాఠం మళ్లీ ఎదురైంది. రోజు కూలి మీద రోజు సరుకు కొనే ఇల్లు మొదటి వారంలోనే తల్లడిల్లింది. ఏప్రిల్ నుండి మనిషికి అయిదు కిలోల చొప్పున ఉచితంగా ఇచ్చిన అదనపు ధాన్యం ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. ఆ ధాన్యం చేతికి అందేలోగా గడిచిన దినాలకు మాత్రం ఇంటి డబ్బాయే దిక్కు.

ఈ చరిత్ర రెండు సత్యాలను బోధిస్తుంది. మొదటిది, ఇంటి పొదుపుకు హద్దు ఉంది. ఒక నెల గ్రాసం ఒక నెలనే గట్టెక్కిస్తుంది. సంవత్సరాల కరువును ఏ డబ్బా ఆపలేదు. అందుకు ప్రభుత్వ గిడ్డంగి, చౌకధరల అంగడి, 2013 నాటి ఆహారభద్రత చట్టం వంటివి అవసరం. రెండవది, ఇంటిలో ఏమీ లేనివానికి ప్రభుత్వ సహాయం అందేలోపే కాలం మించిపోతుంది. ఈ రెంటి నడుమ ఊరి నిల్వ కూడా ఒకటి ఉండవచ్చునని జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు 1990లలో నిరూపించారు. బీడు భూములలో జొన్నలు పండించి, ఊరిలోనే నిల్వచేసి, పేద ఇళ్లకు చౌకగా అందించారు. ధాత కరువునాడు పాతర లేని కూలివానికి కావలసినది సరిగా అటువంటి ఏర్పాటే.

ఈ పాఠశాల డెబ్బయి అయిదు సంవత్సరాలలో చదువుకొన్న పిల్లలలో ఎందరో ఆ రేకు డబ్బాల అన్నం తిని బడికి వచ్చినవారే. నేడు సరుకులు గడియలో గుమ్మానికి చేరుతున్నాయి. ఆ సౌకర్యం మంచిదే. అయినా దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న సామెత పాతబడలేదు. ప్రతి ఇంటిలో ఒక నెల గ్రాసం, దాన్ని లెక్క కట్టగల ఒక బిడ్డ, కొరతనాడు పొరుగింటికి ఒక సేరు కొలిచి ఇవ్వగల మనసు ఉన్నట్లయితే, గనులలో బంగారం తరిగినా ఈ పేట ఇళ్లలో అన్నానికి లోటు రాదు.