సేలంలో పుట్టిన సంఘం



పోయిన నెల కమిటీ మీటింగులో ఒక ప్రశ్న తేలకుండా మిగిలింది. ఆటిజం, బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న మన యువకులు ఆదివారాలు హాలుకు వస్తున్నారు. వాళ్ళలో అయిదేళ్ళుగా మానకుండా వస్తున్న ఒక అబ్బాయికే ఆ కార్యక్రమం బాధ్యత ఇవ్వవచ్చా? (26 ఏళ్ళు నిండాయి, అయినా మనం అబ్బాయి అనే అంటాము.) "వాళ్ళను చూసుకోవడానికే ఒక మనిషి కావాలి, వాళ్ళు ఇంకొకరిని నడిపిస్తారా?" అని పెద్దలు కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఇది ఇతర దేశాల్లో యాభై ఏళ్ళ కిందటే అడిగిన ప్రశ్న. అక్కడ ఏం జరిగిందో మేము చదివి తెలుసుకున్నంత వరకు రాస్తున్నాము. మేము తమిళంలో చదువుకున్నవాళ్ళము, భాషలో ఏమైనా ఉంటే సర్దుకోండి.

మొదట స్వీడన్. 1960లలో అక్కడి తల్లిదండ్రుల సంఘంలో బెంగ్ట్ నిర్యే అనే ఆయన పనిచేసేవారు. బుద్ధి మాంద్యం అని పేరుపడ్డ యువకులకు క్లబ్బులు ఉండేవి. వాళ్ళకు మీటింగు ఎలా నడపాలో, ఓటు ఎలా వేయాలో, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఎలా ఆగాలో నేర్పించారు. మన సంఘంలో ఈ చివరిది ఇంకా నేర్చుకోవలసినవాళ్ళు ఉన్నారు, అది వేరే సంగతి. 1970 మే నెలలో మాల్మో నగరంలో 24 జిల్లాల నుంచి 50 మంది ప్రతినిధులు వచ్చి, ఇల్లు, చదువు, పని, సెలవురోజుల గురించి తామే చర్చించి కోర్కెలు రాసి ఇచ్చారు. తమను పెద్ద గుంపుగా ఊళ్ళో నడిపించుకొని పోవద్దు అనేది అందులో ఒకటి. పక్కన ఉండి చూసుకునేవాళ్ళకు ఇది తోచలేదు. గుంపులో నడిచినవాడికే ఆ సిగ్గు తెలుసు.

తరువాత సేలం. మన సేలం జంక్షన్ కాదు, అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు రాజధాని సేలం. అక్కడ ఫెయిర్‌వ్యూ అని ప్రభుత్వం నడిపే పెద్ద ఆశ్రమం ఉండేది. 1973లో ఒరెగాన్ నుంచి కొందరు కెనడాలో తమలాంటివాళ్ళ కోసం పెట్టిన మహాసభకు వెళ్ళారు. అక్కడ మాట్లాడింది ఎక్కువగా డాక్టర్లు, ఉద్యోగులే. ఇంతకంటే మనమే బాగా నడపగలము అనుకుంటూ తిరిగి వచ్చారు. 1974 జనవరిలో కూర్చొని సంఘం పెట్టారు. పేరు పీపుల్ ఫస్ట్, అంటే ముందు మేము మనుషులము అని. అదే ఏడాది అక్టోబరులో తొలి మహాసభకు 560 మంది వచ్చారు. సహాయకులు పక్కన ఉన్నారు, పదవులు మాత్రం సభ్యులవే. మొదటి అధ్యక్షురాలు వాలెరీ షాఫ్ కూడా వాళ్ళలో ఒకరే.

ఆటిజం ఉన్నవాళ్ళ కథ దీని తరువాతిది. 2006లో అమెరికాలో ఆరి నీమన్ అనే యువకుడు, ఇంకొకరితో కలిసి, ఆటిజం ఉన్నవాళ్ళే నడిపే సంఘం పెట్టాడు. 2012 నుంచి ఆ సంఘం కాలేజీ విద్యార్థులకు వేసవిలో నాయకత్వ శిక్షణ పెడుతున్నది. 2017లో నీమన్ తప్పుకుంటే, బయటి నుంచి ఎవరినీ తేలేదు. అదే సంఘంలో పనిచేస్తూ పైకి వచ్చిన జూలియా బాస్కమ్ ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆమెకూ ఆటిజం ఉంది.

రైల్వేలో ఉన్నవాళ్ళకు ఇందులో వింత ఏమీ ఉండదు. ఖలాసీగా చేరినవాడు డిపార్ట్‌మెంటల్ పరీక్ష రాసి క్లర్కు అవుతాడు. పాయింట్స్‌మన్‌గా వానలో రాత్రి డ్యూటీ చేసినవాడు పైకి వస్తే, కింద పని ఎక్కడ చిక్కుపడుతుందో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఎవరినీ ఊరికే కుర్చీలో కూర్చోబెట్టరు. పరీక్ష ఉంది, ట్రైనింగు ఉంది. స్వీడన్‌లోనూ ముందు నేర్పించారు. నేర్పకుండా పదవి ఇస్తే అది ఫోటోకు పనికివస్తుంది, అంతే.

మన దేశంలో చట్టం కూడా ఈ దారిలోనే ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధి మాంద్యం ఉన్నవాళ్ళ కోసం చేసిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో, బోర్డుకు సంస్థల నుంచి తీసుకునే 9 మందిలో ముగ్గురు స్వచ్ఛంద సంస్థలవాళ్ళు, ముగ్గురు తల్లిదండ్రుల సంఘాలవాళ్ళు, ముగ్గురు వికలాంగుల సంఘాలవాళ్ళు ఉండాలి. ఢిల్లీ బోర్డులో ఆ మూడు కుర్చీలు వేసినప్పుడు మన హాలులో ఒకటి వేయలేమా?

మైకు శబ్దం పెంచితే ఎవరు చెవులు మూసుకుంటారో, చెప్పకుండా గది మారిస్తే ఎవరికి కంగారు పుడుతుందో ఆ అబ్బాయికి తెలుసు. లెక్కలు, తాళంచెవి, హాజరు పుస్తకం మూడు నెలల్లో ఒక్కొక్కటిగా నేర్పవచ్చు. హాజరు పుస్తకం మేము చూపిస్తాము, ఉద్యోగమంతా అదే చేశాము కదా.

వచ్చే మీటింగుకు అతన్నే పిలిచి, ఈ పని ఇష్టమేనా అని అడగాలని మా మాట. ఏమి అడుగుతామో వారం ముందే పెద్ద అక్షరాలతో రాసి పంపుదాము. అమ్మానాన్నలు పక్కన కూర్చోవచ్చు. జవాబు మాత్రం అతనే చెప్పాలి. చెప్పడానికి ఎంతసేపు పడితే అంతసేపు మనం కూర్చుందాము.