మాండొలిన్ శ్రీనివాస్: కర్ణాటక కచేరీలో రాక్ ఛాయలు

ఉప్పలపు శ్రీనివాస్ (28 ఫిబ్రవరి 1969 – 19 సెప్టెంబరు 2014) విద్యుత్ మాండొలిన్‌ను కర్ణాటక కచేరీ వాద్యంగా నిలబెట్టిన విద్వాంసుడు. స్వస్థలం పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లు. పద్మశ్రీ పురస్కారం 1998లో అందుకున్నారు.

శిక్షణ

తొలి పాఠాలు తండ్రి సత్యనారాయణ వద్ద. ఆ పిమ్మట చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన రుద్రరాజు సుబ్బరాజు గురువయ్యారు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. గురువు పాడితే శిష్యుడు వాయించేవాడు. శ్రీనివాస్ బాణీలో గాత్రధర్మం ప్రబలడానికి ఇదే మూలమనవచ్చు. 1976 ప్రాంతంలో వాసూరావు అనే గిటారిస్టు ఆయనకు పాశ్చాత్య సంగీతం పరిచయం చేశారంటారు. తొలి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో జరిగిందన్నది ఎక్కువగా వినిపించే మాట.

వాద్యం

మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటిన నాదం త్వరగా అణగిపోతుంది. జంట తీగలపై గమకం లాగడం కష్టం. శ్రీనివాస్ జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు అమర్చుకున్నారు, తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌తో నాదాన్ని నిలిపారు. రాక్ గిటార్‌కు దీర్ఘనాదాన్ని ఇచ్చిందీ ఈ పికప్పే. రాక్ సంగీతం నుంచి శ్రీనివాస్ కచేరీకి ముందుగా చేరింది లయ కాదు, ఈ నాదమే.

మేళనం

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. రాక్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ ద్వారా, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ ఆల్బమ్ 1995లో వెలువడింది. బ్రూక్ తయారుచేసిన ‘ఇన్ఫినిట్ గిటార్’ స్వరాన్ని ఆగకుండా సాగదీయగలదు. రాక్ బృందం యూ2 కూడా దాన్ని వాడింది.

జాజ్-రాక్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ నడిపిన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో శ్రీనివాస్ మొదటి నుంచీ ఉన్నట్లు కొన్నిచోట్ల కనిపిస్తుంది. 1997 నాటి తొలి పర్యటన రికార్డుల్లో వినిపించేది హరిప్రసాద్ చౌరాసియా వేణువు కనుక, 1999 ప్రాంతంలో చేరారనడమే సబబు. ‘ద బిలీవర్’ (2000), ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ (2001) ఆల్బమ్‌లు ఆ దశవి. వీటిలో జాకిర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజీర పక్కన మాండొలిన్, గిటార్ స్వరకల్పనల తరహాలో ప్రశ్నోత్తరాలు సాగిస్తాయి. ఇది జాజ్-రాక్ వేదికపై కచేరీ పద్ధతే తప్ప, కచేరీలోకి రాక్‌ను దించడం కాదు.

శ్రీనివాస్ 45 ఏళ్ల వయసులో చెన్నైలో మరణించారు. తమ్ముడు యు. రాజేశ్ కూడా విద్యుత్ మాండొలిన్ కళాకారుడే. మెక్‌లాఫ్లిన్ ఆల్బమ్ ‘ఫ్లోటింగ్ పాయింట్’ (2008)లో రాజేశ్ వాయించారు.