కన్నెస్వామి

సికింద్రాబాద్‌లో ఆటో దిగేసరికి ఆరున్నర. ఎదురుగా వైన్స్. పక్కన పర్మిట్ రూమ్‌లోంచి వేయించిన పల్లీల వాసన, తరిగిన ఉల్లిపాయ వాసన. జేబులో రెండు వందలున్నాయి. క్వార్టర్‌కి సరిపోతాయి. ఆ లెక్క నువ్వు వేయలేదు, దానంతటదే పడిపోయింది.

ఇంకో జేబులో మందుల చీటీ. వారం రోజులు వార్డులో ఉంచుకుని ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ దాని వెనక ఒక ఫోన్ నంబరు రాసిచ్చింది. "వణుకు తగ్గించడం వరకే మా పని. ఆ తర్వాతి సంగతి వీళ్లనడుగు" అంది. ఆ వణుకు నీకు తెలుసు. కిందటి ఉగాదికి పిల్ల మీద ఒట్టేసి, ఇంట్లోనే ఒక్కసారిగా మానేశావు. రెండో రోజు ఫిట్స్. మూడో రోజు లేని చీమల్ని దుప్పటి మీంచి దులుపుతూ కూర్చున్నావు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఉన్నపళంగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చనీ, డాక్టరు కనిపెట్టి ఉండగా మానాలనీ మీ ఇంట్లో ఎవరికీ తెలీదు. మీ అమ్మకి మొక్కులు తెలుసు. ఇంత ముదరకముందు, ఆరేళ్ల కిందట, నీకు అయ్యప్ప మాల వేయించింది. ఆ నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టలేదు నువ్వు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రాత్రే మూత తీశావు.

నిన్న ఆ నంబరుకి ఫోన్ చేస్తే అవతలి గొంతు పేరడగలేదు, ఊరడగలేదు. "ఈరోజు తాగారా?" అంది. లేదన్నావు. "రేపు ఏడింటికి మీటింగ్. చర్చి గేటు దగ్గరుంటాను."

వైన్స్ ఎక్కడని అడిగితే మన ఊళ్లలో బడిపిల్లాడైనా చెబుతాడు. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్ ఎక్కడని అడగాలంటే ముందు నోరు రావాలి కదా. చర్చి గేటు ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచావు. ఎవరైనా అడిగితే చుట్టాల కోసం చూస్తున్నానని చెబుదామనుకున్నావు. మూడోసారి, తెల్లచొక్కా పెద్దాయన ఒకాయన "టీ చల్లారిపోతోంది, రా తమ్ముడూ" అన్నాడు. నడక చూసే కనిపెట్టినట్టున్నాడు.

చర్చి వెనక బడి గది. గోడ మీద ఎక్కాల చార్టు. పిల్లల బెంచీలు, మోకాళ్లు ఇరుక్కుంటున్నాయి. పద్నాలుగు మంది. ఒకాయన గోళ్లలో గ్రీజు, ఒకాయనది ఇస్త్రీ నలగని చొక్కా. చివరి బెంచీలో ఒకావిడ. ఎవరి భార్యో అనుకున్నావు. పేపరు కప్పులో టీ సగమే పోశారు. పిసినారితనం అనుకున్నావు. చేతికి తీసుకున్నాక గానీ అర్థం కాలేదు: నీ వేళ్లు ఇంకా వణుకుతున్నాయి. సగం కప్పయితే ఒలకదు.

కాసేపు మౌనం. తర్వాత ఒకాయన చదివాడు. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. బయటివాళ్ల చందాలు తీసుకోరు. గది అద్దెకీ టీకీ సంచీ తిరిగితే పది రూపాయలు వేశావు. కొత్తవాళ్లు వెయ్యక్కర్లేదట. ఆ మాట పక్కాయన చెప్పేసరికే వేసేశావు.

చివరి బెంచీ ఆవిడ లేచింది. "నేను తాగుబోతుని" అంది. మీ వీధిలో ఆ మాట మీద తలకాయలు పగిలాయి. ఇక్కడ ఆవిడ ఇంటిపేరు చెప్పినంత మామూలుగా చెప్పింది, అందరూ నమస్కారం అన్నారు. సీసా బియ్యం డబ్బాలో దాచేదట. నువ్వు నీళ్ల మోటారు పెట్టెలో దాచేవాడివి.

తెల్లచొక్కా పెద్దాయన వంతు వచ్చింది. "1995లో ఎన్టీఆర్ నిషేధం పెట్టినప్పుడు మా ఆవిడ దీపం పెట్టింది. 97లో ఎత్తేసేదాకా నాకు దొరకని రోజు ఒక్కటి లేదు" అన్నాడు. గదంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

నీ వంతు. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే విను అన్నారు. "మాలలో ఉన్నప్పుడు మానగలిగాను" అన్నావు, అంతకుమించి పెగల్లేదు.

బయటికొచ్చాక పెద్దాయన పట్టుకున్నాడు. "మాలలో నువ్వొక్కడివే ఉన్నావా?"

లేవు. తెల్లారకముందే చన్నీళ్లకి లేపినవాళ్లున్నారు. సరిగ్గా తాగే వేళకి భజనకి లాక్కెళ్లినవాళ్లున్నారు. మీ ఆఫీసరు కూడా స్వామీ అన్నాడు. మాల తీశాక ఎవరి దారి వాళ్లది.

మెట్ల మీద కూర్చుని ఆయన ఆక్రన్ కథ చెప్పాడు. 1935 మే. అమెరికాలోని ఆ ఊరికి పని మీద వచ్చిన బిల్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి తాగుడు మాని ఐదు నెలలే. పని చెడింది. హోటల్లో బార్ కళకళలాడుతోంది, లాబీలో టెలిఫోన్ ఉంది. చర్చిలకి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు, మాట్లాడ్డానికి ఒక తాగుబోతు కావాలని. మర్నాడు బాబ్ అనే సర్జన్ దొరికాడు. పావుగంటే కూర్చుంటానన్న డాక్టరు రాత్రి పదకొండు దాటాక లేచాడు. జూన్ 10న ఆయన తాగిందే చివరిది. ఏఏ పుట్టినరోజు అదే.

"బిల్ ఫోన్ చేసింది డాక్టర్ని బాగుచెయ్యడానికి కాదు, తను బార్లోకి పోకుండా ఉండడానికి. నేను గేటు దగ్గర నిలబడిందీ అందుకే, కన్నెస్వామీ."

నంబరు రాసిచ్చాడు. తాగే ముందు చెయ్యమన్నాడు. వైన్స్ తగలని సందు వెంట బస్టాపు దాకా వచ్చాడు.

ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. తలుపు తీసిన మీ ఆవిడ అలవాటుగా దగ్గరికి జరిగి వాసన చూసింది. టీ వాసన. మళ్లీ మీటింగ్ గురువారం.