యంత్రము ఎవరి మాట వినవలెను?

శంషాబాదు విమానాశ్రయమునకు పోవువారు ద్వారము కడ ఆగక తప్పదు. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమువారు టికెట్టును, గుర్తింపును సరిచూచి లోనికి విడుతురు. అచట పనిచేయువారికిని పాసు ఉండవలెను. ఒక భాగమునకు ఇచ్చిన పాసుతో వేరొక భాగమునకు పోరాదు. ‘వచ్చినవాడెవడు? ఎంతవరకు పోవచ్చును?’ ప్రవేశ నియంత్రణకు ఈ రెండు ప్రశ్నలే మూలము.

2008 మార్చిలో ఈ విమానాశ్రయము తెరువబడినది. తరువాత దాని ప్రక్కనే విమాన పరిశ్రమల వాడ వెలసినది. 2022 జూలైలో ఫ్రెంచి సంస్థయగు సఫ్రాన్ అచట విమానపు ఇంజను భాగముల కర్మాగారమును ప్రారంభించినది. ఇట్టి పరిశ్రమలలో యంత్రములు అంకెలలో వ్రాసిన ఆజ్ఞలను బట్టి లోహమును చెక్కును. ఒక్క అంకె మారినను భాగము చెడవచ్చును. ఆ అంకెను మార్చుటకు గోడ దూకనక్కరలేదు!

ఈ చిక్కు ఎట్లు వచ్చినదో చూతము. 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థ, చిల్లుల టేపును చదివి లోహమును కోయు యంత్రమును ప్రదర్శించినది. టేపును బీరువాలో పెట్టి తాళము వేసిన ఆజ్ఞలు భద్రమే. 1960–70 దశకమున ఇంగ్లండులోని మోలిన్స్ సంస్థలో థియో విలియమ్సన్, పలు యంత్రములు ఒక కంప్యూటరు అదుపున రేయింబవళ్లు పనిచేయునట్లు ‘సిస్టం 24’ను రూపొందించెను. వేరొక వస్తువు కావలెనన్న యంత్రమును మార్చనక్కరలేదు. ఆజ్ఞను మార్చిన చాలును. దీనినే సరళ ఉత్పాదన వ్యవస్థ యందురు. ఆజ్ఞ సులభముగ మారుట దాని బలము. ఎవరైనను మార్చగలుగుట దాని బలహీనత.

1979లో కర్మాగారపు యంత్రములు పరస్పరము సంభాషించుటకు మోడ్‌బస్ అను పద్ధతి వచ్చినది. తీగ కర్మాగారము దాటని రోజులవి. కనుక ఆజ్ఞ నిచ్చువాడెవడని అడుగు ఏర్పాటు అందు లేదు. పిమ్మట ఆ తీగలు బయటి కంప్యూటర్లతో కలిసినవి.

యంత్రము గ్రుడ్డిగా ఆజ్ఞను నమ్మిన ఏమగునో 2010లో లోకమునకు తెలిసినది. స్టక్స్‌నెట్ అను దుష్ట ప్రోగ్రాము ఇరాన్‌లోని నతంజ్ యురేనియం శుద్ధి కేంద్రమున సెంట్రిఫ్యూజుల వేగమును మార్చి, చూచువారికి మాత్రము అంతయు సవ్యముగనే యున్నట్లు చూపినది. ఇంటర్నెట్టు లేని చోటికిని అది యు.ఎస్.బి. డ్రైవుల ద్వారా ప్రాకగలదు.

అందుచేత ఐ.ఇ.సి. 62443 అను అంతర్జాతీయ ప్రమాణములు కర్మాగారపు కంప్యూటర్ల అల్లికను మండలములుగా విభజింపుమనుచున్నవి. ఎవరి పనికి తగినంత అధికారమే వారికి ఇమ్మనుచున్నవి. అయితే తాళములు మితిమీరిన, అర్ధరాత్రి ఆగిన యంత్రమును బాగుచేయు మెకానిక్కునకే దారి యుండదు. అప్పుడు పదిమందియు ఒకే పాస్‌వర్డును పంచుకొందురు. తాళము ఉన్నను లేనట్లే. పనివాని అవసరము నెరిగి వేసిన తాళమే నిలుచును.