క్లచ్ పెడల్ తేడా చేస్తే: గేర్‌బాక్స్ దింపించే ముందు చూడాల్సినవి

బదర్‌పుర్ సరిహద్దు దాటి ఫరీదాబాద్‌లోకి వచ్చే మధుర రోడ్డు మీద సాయంత్రం ఏడు గంటలకు కారు నడపడమంటే చాలావరకు ఎడమకాలి పనే. ఎన్‌హెచ్‌పీసీ చౌక్, బడ్ఖల్ మోర్, అజ్రోందా, బాటా చౌక్ వరకు ఆగుతూ సాగుతూ వెళ్లాలి. నిమిషానికి నాలుగుసార్లు క్లచ్ తొక్కినా గంటకు 240 సార్లు. మాన్యువల్ గేరు కారున్నవాళ్లకు ఈ ఊళ్లో ఏదో ఒక రోజు పెడల్ గురించి ఆలోచించక తప్పదు. అది బరువెక్కుతుంది, మెత్తబడుతుంది, కిందికి వెళ్లి పైకి రాదు, లేదా తొక్కినా గేరు పడదు.

ఎన్‌హెచ్‌పీసీ ప్రధాన కార్యాలయం, జాతీయ విద్యుత్ శిక్షణ సంస్థ, ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం ఉన్న ఊరు కాబట్టి ఉద్యోగరీత్యా వచ్చిన తెలుగువాళ్లకూ ఈ రోడ్డు పరిచయమే. బదిలీ మీద వస్తూ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న కారును వెంట తెచ్చుకున్నవాళ్లకు ఇంకో చిక్కుంది. కారు వస్తుంది కానీ నమ్మకమైన మెకానిక్ అక్కడే ఉండిపోతాడు. కొత్త చోట పెడల్ తేడాగా ఉందని చెప్పగానే వినిపించే మాట ‘క్లచ్ ప్లేట్ గయీ, పూరా సెట్ బదల్నా పడేగా’. ప్లేటు పోయింది, మొత్తం సెట్టు మార్చాలి అని. సెట్టు మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి. కనీసం ఒక పూట పని, వేలల్లో ఖర్చు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ పెడల్‌లో కనిపించే తేడాల్లో చాలావాటికి కారణం ప్లేటు కాదు, పెడల్‌కూ ప్లేటుకూ మధ్య ఉన్న తీగో, గొట్టమో, రబ్బరు సీలో అవుతుంది. వాటిని సరిచేయడానికి సాధారణంగా గేర్‌బాక్స్ దింపక్కర్లేదు. ఈ రెండింటినీ విడదీసి చూడటం మెకానిక్ కానివాళ్లకూ సాధ్యమే.

కాలి కింద ఏం జరుగుతుంది

ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతుంటుంది. దానికి ఆనుకొని క్లచ్ ప్లేటు, దాన్ని వెనకనుంచి గట్టిగా నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు ఉంటాయి. ఆ నొక్కుడుకు మూలం పళ్లెంలా ఉండే డయాఫ్రమ్ స్ప్రింగు. మీరు పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి ఆ స్ప్రింగు మధ్యభాగాన్ని అదుముతుంది. అప్పుడు పట్టు వదులై ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ సంబంధం తెగుతుంది. కాలు తీస్తే మళ్లీ కలుస్తుంది. అంటే క్లచ్ సహజస్థితి పట్టి ఉంచడం, మీరు చేసేది విడిపించడం.

కాలి బలం బేరింగ్ దాకా వెళ్లే దారులు ముఖ్యంగా రెండు. మారుతి 800, ఆల్టో లాంటి చిన్న కార్లలో ఉక్కు తీగ. మన మెకానిక్‌లు క్లచ్ వైరు అనేది దీన్నే. రెండోది హైడ్రాలిక్. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్, మధ్య గొట్టంలో బ్రేక్ ఫ్లూయిడ్. మీ కారులో ఏది ఉందో ముందు తెలుసుకోండి. కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఎందుకంటే ఒకే లక్షణానికి ఈ రెండింటిలో కారణాలు వేరు.

బరువెక్కిన పెడల్

ఎక్కువమంది చెప్పే బాధ ఇదే. తీగ ఉన్న కారులో మొదటి అనుమానం తీగ మీదే. లోపల పోగులు ఒక్కొక్కటే తెగుతూ, దుమ్ము, తేమ చేరి తుప్పు పట్టి, తొడుగులో రాసుకుంటూ కదులుతుంది. రెండు చివర్లూ చూస్తే తెగిన పోగులు కొన్నిసార్లు కంటికే కనిపిస్తాయి. వైరు మార్చడం చిన్న పని. ఆలస్యం చేస్తే అది సిగ్నల్ దగ్గర ఠప్పున తెగుతుంది.

హైడ్రాలిక్ కారులో పెడల్ బరువెక్కితే పెడల్ దగ్గరి సహాయక స్ప్రింగు, ఇరుసు, సిలిండర్లు చూడాలి. అక్కడ లోపం లేకపోతే అప్పుడు క్లచ్ లోపలికి వెళ్లాలి. ఇక్కడ చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటుంది. ప్లేటు అరిగితే పెడల్ తేలికవుతుందని అనుకుంటారు. జరిగేది దానికి వ్యతిరేకం. ప్లేటు పలచబడిన కొద్దీ డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్లు బేరింగ్ వైపు వంగుతాయి, దాన్ని అదమడానికి ఇంకా బలం కావాలి. నెలల తరబడి కొంచెంకొంచెంగా బరువెక్కుతూ, క్లచ్ పట్టుకునే చోటు కూడా పైపైకి వస్తుంటే అది ప్లేటు అరుగుదలే కావచ్చు. రాత్రికి రాత్రి బరువెక్కితే మాత్రం తీగో, ఇరుసో, బేరింగో. అరిగిన మేరకు తనంతట తానే సర్దుకునే క్లచ్‌లు కొన్ని కార్లలో ఉన్నాయి. వాటిలో ఈ ముందస్తు సూచన అంత స్పష్టంగా కనిపించదు.

నేలకు తాకే పెడల్

పెడల్ మెత్తగా కిందికి పోయి అక్కడే ఉండిపోతే హైడ్రాలిక్ కార్లలో కారణం దాదాపు ఎప్పుడూ గాలి చేరడం, లేదా ఫ్లూయిడ్ కారడం. పరీక్ష సులువు. పెడల్‌ను వరసగా నాలుగైదుసార్లు కొట్టండి. కొట్టాక బిగువు వచ్చి గేరు పడితే ప్లేటుకు సంబంధం లేదు, సిలిండర్ సీలునో గొట్టాన్నో చూడాలి. పెడల్ పైభాగం దగ్గర కార్పెట్ తడిగా ఉంటే మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ కింద తడిగా ఉంటే స్లేవ్ సిలిండర్. అయితే కొన్ని కార్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపల, రిలీజ్ బేరింగ్‌తో కలిసే ఉంటుంది. అప్పుడు చిన్న సీలు కోసమైనా గేర్‌బాక్స్ దింపక తప్పదు. అలాంటి సందర్భంలో ప్లేటు కూడా సగానికి పైగా అరిగి ఉంటే రెండూ ఒకేసారి మార్చుకోవడం లాభం, కూలి ఒకసారే పడుతుంది.

చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఫ్లూయిడ్ డబ్బా ఒకటే. క్లచ్‌కు వెళ్లే గొట్టాన్ని డబ్బాలో కొంచెం పైన అమరుస్తారు. ఫ్లూయిడ్ తగ్గితే ముందు క్లచ్ పోవాలి, బ్రేకు మిగలాలి అన్నది ఆ ఏర్పాటు. కాబట్టి పెడల్ మెత్తబడిన రోజున క్లచ్ సంగతి పక్కనపెట్టి ముందు బానెట్ ఎత్తి ఆ డబ్బా చూడండి. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, లేదా బ్రేక్ ప్యాడ్లు బాగా అరిగాయి. పైన కొంత పోసి మూత పెట్టేయడం పరిష్కారం కాదు.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ చేరాక 155. వేసవిలో 45 డిగ్రీలు తాకే ఫరీదాబాద్‌లో, ట్రాఫిక్‌లో కదలని కారు ఇంజిన్ పక్కన పాత ఫ్లూయిడ్ ఉంటే పెడల్ మెత్తబడి, కారు చల్లారాక మామూలవుతుంది. ‘ఎండకు అలా ఉంటుంది సార్’ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. కొత్త ఫ్లూయిడ్ నింపి గాలి తీయిస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఇంజిన్ ఆయిల్ లాంటివి పొరపాటున కూడా పోయనివ్వకండి. రబ్బరు సీళ్లు ఉబ్బి పెడల్ తిరిగి రావడమే మానేస్తుంది.

ఏమీ పాడవకుండానే

కారు కొన్నప్పుడు అలంకరణ దుకాణంలో వేయించే మందపాటి 7డి మ్యాట్ల గురించి ఎవరూ అనుమానించరు. అది పెడల్ కింద ఒకటి రెండు సెంటీమీటర్లు ఆక్రమిస్తే క్లచ్ పూర్తిగా విడవదు, రివర్స్ గేరు గరగరలాడుతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు మ్యాట్ తీసి ఒకసారి నడిపి చూడండి. ఖర్చు సున్నా.

ఇంకొకటి పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్చి. క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే కార్లలో ఇది పాడైతే తాళం తిప్పినా ఇంజిన్ కదలదు. జనవరి పొద్దున్నే ఇలా జరిగితే అందరి చూపూ బ్యాటరీ మీదికే పోతుంది. లైట్లు, హారన్ బలంగా పనిచేస్తుంటే కొత్త బ్యాటరీ కొనేముందు ఈ స్విచ్చిని చూపించండి.

నిజంగా ప్లేటే పోయిందా

పై గేరులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ చప్పుడు, ఆర్‌పీఎం పెరిగి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోందని అర్థం. ఎక్కుడు రోడ్డు మీద ఇది ముందు బయటపడుతుంది. అరావళి గుట్టల మీదుగా గురుగ్రామ్‌కు వెళ్లే రోడ్డు ఇందుకు పనికొస్తుంది. కాలిన వాసన కూడా వస్తే ఇక సందేహం అక్కర్లేదు. ఇందుకు విరుద్ధమైన జబ్బు, క్లచ్ పూర్తిగా విడవకపోవడం. దానికి పరీక్ష: ఇంజిన్ నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. గరగరమంటే క్లచ్ విడవడం లేదు. కారణం మ్యాట్, తీగ సర్దుబాటు, ఫ్లూయిడ్‌లో గాలి, ఆఖరున ప్లేటు. ఈ వరసలోనే చూడమనండి.

చప్పుళ్లలోనూ తేడా ఉంది. పెడల్ తొక్కినప్పుడు మొదలయ్యే కీచుదనం రిలీజ్ బేరింగ్‌ది. న్యూట్రల్‌లో కాలు తీసి ఉంచినప్పుడు వినిపించి, తొక్కగానే ఆగిపోయేది గేర్‌బాక్స్ లోపలి బేరింగ్‌ది కావచ్చు. రెండో దానికి కొత్త క్లచ్ సెట్టు వేయించినా చప్పుడు పోదు.

ప్లేటు ఎందుకు అరుగుతుందో అంకెల్లో చూస్తే బాగా అర్థమవుతుంది. వందకు అయిదు వంతు ఎత్తున్న వాలు మీద, మనుషులతో కలిపి 1,200 కిలోల కారును బ్రేకు వేయకుండా క్లచ్ సగం వదిలి నిలబెట్టారనుకోండి. మొదటి గేరులో, ఇంజిన్ 1,000 ఆర్‌పీఎం మీద ఉంటే ప్లేటు దగ్గర పుట్టే వేడి సుమారు 1 కిలోవాట్. ఒక ఇస్త్రీపెట్టెను క్లచ్ లోపల పెట్టి ఆన్ చేసినట్టు. ఆగి ఉన్న కారును తొందరగా లాగించేటప్పుడు క్షణకాలం పాటు 10 కిలోవాట్లు దాటడం కూడా మామూలే. అది రెండు సెకన్లలో ముగుస్తుంది కాబట్టి ప్లేటు తట్టుకుంటుంది. ఫ్లైఓవర్ వాలు మీద ముందు కారు కదిలేదాకా హాఫ్ క్లచ్‌తో రెండు నిమిషాలు నిలబెడితే తట్టుకోదు. హ్యాండ్‌బ్రేక్ ఉన్నది అందుకే.

ఈ ఊరికీ క్లచ్‌కూ సంబంధం ట్రాఫిక్ ఒక్కటే కాదు. ఎస్కార్ట్స్ ట్రాక్టర్లు తయారయ్యే ఊరిది. ట్రాక్టర్లకు, లారీలకు క్లచ్‌లు చేసిన క్లచ్ ఆటో లిమిటెడ్ ఫ్యాక్టరీ ఇదే మధుర రోడ్డు మీద ఉండేది. క్లచ్ విప్పి చూడగల చేతులకు ఇక్కడ కరవు లేదు. కొరత అల్లా, విప్పాల్సిన అవసరం లేదని చెప్పేవాళ్లకే.

‘హాఫ్ క్లచ్ మీద నడిపారు’

కొత్త కారులో కొన్ని వేల కిలోమీటర్లకే క్లచ్ పోతే సర్వీస్ సెంటర్ చెప్పే మాట ఇది. క్లచ్ ప్లేటును అరిగే భాగంగా లెక్కగట్టి వారంటీ నుంచి మినహాయించడం కంపెనీల మామూలు పద్ధతి. కానీ మాస్టర్, స్లేవ్ సిలిండర్లు కారడం, పెడల్ స్ప్రింగు విరగడం నడిపే తీరుతో వచ్చేవి కావు. మీ వారంటీ పుస్తకంలో మినహాయింపు ఏ భాగానికో పేరుతో చదవండి. ఇంజిన్ వెనక సీలు కారి, ఆ నూనె పడి ప్లేటు జారితే, ఫలితం ప్లేటులో కనిపించినా మూలం ఇంజిన్‌లో ఉంది. ఈ తేడా రాతపూర్వకంగా తేలాలి. అందుకే విప్పేటప్పుడు దగ్గరుండండి, తీసిన భాగాల ఫొటోలు తీసుకోండి, పాత భాగాలు మీకివ్వమని అడగండి, జాబ్ కార్డులో మీ ఫిర్యాదును మీ మాటల్లోనే రాయించండి.

తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే లేదా ఉద్యోగం చేసే చోటే ఫిర్యాదు వేయవచ్చు. అంటే హైదరాబాద్‌లో కొన్న కారు మీద ఫరీదాబాద్ జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. గడువు రెండేళ్లు. ఒకే మోడల్‌లో చాలామందికి ఒకే భద్రతా లోపం వస్తుంటే దారి వేరు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల రీకాల్ నిబంధన ప్రకారం, తయారై ఏడేళ్లు దాటని వాహనాలపై యజమానులు వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

పాత కార్ల లెక్క ఇంకోటి. దిల్లీ ఎన్‌సీఆర్‌లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలపై హరిత ట్రైబ్యునల్ 2015లో పెట్టిన ఆంక్షలను సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. ఆ తర్వాత అమలు విషయంలో ఉత్తర్వులు మారుతూ వచ్చాయి. ఎనిమిదేళ్ల డీజిల్ కారుకు క్లచ్ సెట్టుతో పాటు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ కూడా మార్చాలంటే ఖర్చు పదుల వేలల్లోకి పోతుంది. కారును ఇక్కడ ఇంకెన్నాళ్లు నడపగలరో చూసుకొని ఆ డబ్బు పెట్టాలి. ఇలాంటి కార్లు ఎన్‌ఓసీతో ఇతర రాష్ట్రాలకు అమ్ముడవుతుంటాయి. దిల్లీ వైపు నుంచి వచ్చిన డీజిల్ కారును తెలుగు రాష్ట్రాల్లో చవగ్గా కొంటున్నవాళ్లు ఓడోమీటర్ ఎంత చూపిస్తోందన్నదాంతో ఆగకుండా, ఎక్కుడు రోడ్డు మీద జారుడు పరీక్ష, రివర్స్ గేరు పరీక్ష చేయకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు.

దారిలో పెడల్ పూర్తిగా పోతే హజార్డ్ లైట్లు వేయండి. కారు రోడ్డు మధ్యలో ఆగిపోయి ఉంటే ఇంజిన్ ఆపి, మొదటి గేరు వేసి, పెడల్ తొక్కి ఉంచి తాళం తిప్పండి. స్టార్టర్ మోటారు బలంతోనే కారు కుదుపులతో ముందుకు కదులుతుంది. ముందు మనుషులు, వాహనాలు లేవని చూసుకొని, పక్కకు చేరేంతవరకే ఇలా చేయాలి. అక్కడి నుంచి టోయింగ్ వాహనమే.