మాటకు అనుజ్ఞాపత్రము

మాట పుట్టునది మనుష్యుని నోట. అది నడచు బాటకు కావలి యుండువారు మాత్రము ఎల్లకాలములందును ప్రభువులే. మన రాయలసీమ గ్రామములలోని దండోరా ఇందులకు పాత దృష్టాంతము. తప్పెట మ్రోగినదనగా సర్కారు ఆజ్ఞ వచ్చినదని యర్థము. శిస్తు గడువో, వేలంపాటయో, తహశీల్దారు రాకయో దానివలన ఊరికి తెలియుచుండెను. చాటుట ప్రభుత్వము వంతు. వినుట ఊరివారి వంతు. ఊరివారికి చెప్పుకొనవలసిన మాట యున్నచో దానికి తప్పెట లేదు. తరువాత తంతి వచ్చెను. తంతి వెనుక నిస్తంత్రియు, రేడియోయు వచ్చెను. యంత్రములు మాఱినవి. ఈ పంపకము మాఱినదా యనునదియే ఇచట విచారింపదగిన ప్రశ్న.

1857వ సంవత్సరము మే 11వ తేదీన ఢిల్లీ తంతి కార్యాలయమునుండి అంబాలాకు చేరిన వార్త పంజాబులోని ఆంగ్లాధికారులను ముందుగా హెచ్చరించెను. తిరుగబడినవారు అనేక స్థలములందు తంతులు తెంపిరి. తంతి యెవరి చేతిలో నున్న రాజ్యము వారి చేతిలో నుండునన్న పాఠమును పాలకులు మఱవలేదు. 1885వ సంవత్సరపు ఇండియన్ టెలిగ్రాఫు చట్టము ఆ పాఠమునకు శాసనరూపమని చెప్పవచ్చును. దాని నాల్గవ సెక్షను తంతిని నెలకొల్పి నడపుట ప్రభుత్వమునకే చెల్లు ప్రత్యేకాధికారమనెను; ఇతరులు లైసెన్సు పొందినగాని ఆ పనికి పూనుకొనరాదు. అయిదవ సెక్షను ప్రజాక్షేమమునకు అపాయము కలిగినపుడు వార్తలను ఆపుటకును, నడుమ పట్టి చూచుటకును అధికారము నిచ్చెను. తరువాతి సవరణలతో టెలిగ్రాఫు అను పదములోనికి నిస్తంత్రియు వచ్చి చేరెను. 1933వ సంవత్సరపు నిస్తంత్రి చట్టము ఇంకొక యడుగు ముందునకు వేసి, యంత్రమును దగ్గఱ నుంచుకొనుటకే లైసెన్సు కావలెననెను. రేడియో వినగోరు గృహస్థు ఏటికి పది రూపాయలు చెల్లించి అనుజ్ఞాపత్రము తెచ్చుకొనవలసివచ్చెను. పలుకుటకే కాదు, వినుటకు సైతము అనుమతి యన్నమాట. ఈ రుసుము 1980ల దశాబ్దములోగాని తొలగిపోలేదు.

అయినను ఆ దినములలో ప్రభుత్వేతరులు రేడియో నడపలేదని తలపరాదు. 1924లో సి. వి. కృష్ణస్వామి సెట్టి మొదలగువారు మదరాసున రేడియో క్లబ్బు స్థాపించి ఆ యేటనే ప్రసారములు మొదలుపెట్టిరి. ద్రవ్యలోపముచే అది 1927లో ఆగిపోగా, ప్రసారయంత్రము మదరాసు కార్పొరేషనువారికి చేరెను. వారు 1930 మొదలు 1938 వఱకు ప్రసారములు సాగించిరి. ఆ సంవత్సరము జూన్ 16వ తేదీన ఆలిండియా రేడియో మదరాసు కేంద్రము ప్రారంభమై ఆ పనిని తాను చేపట్టెను. ఒక పురపాలక సంస్థ ఎనిమిదేండ్లు రేడియో నడపినందున రాజధాని తలక్రిందులు కాలేదు.

ఈ సందర్భమున బనగానపల్లె చరిత్రయు స్మరింపదగినది. కర్నూలు జిల్లాకు ఆనుకొని ద్వీపమువలె నుండిన ఈ నవాబుల సంస్థానము విస్తీర్ణమున మూడువందల చదరపు మైళ్లకు లోపు. 1901వ సంవత్సరపు లెక్కలలో దాని జనసంఖ్య 32,264. ఆర్థిక దుర్వ్యవస్థ కారణముగా 1905లో మదరాసు ప్రభుత్వము దాని పాలనను కొంతకాలము తన చేతిలోనికి తీసికొనెను. ఇంతటి చిన్న సంస్థానమునకు సైతము వర్తింపదగిన నిబంధన యొకటి 1935వ సంవత్సరపు భారత ప్రభుత్వ చట్టమున గలదు. సమాఖ్యలో చేరిన సంస్థానాధిపతి తన సీమలో ప్రసారయంత్రము కట్టించి నడపుకొనుటకు అధికారము కోరినచో, కేంద్ర ప్రభుత్వము నిష్కారణముగా నిరాకరింపరాదని దాని 129వ సెక్షను చెప్పెను. అంతియకాదు, ఆ యధిపతి ప్రసారము చేయించు విషయములపై కేంద్ర ప్రభుత్వము షరతులు విధింపగూడదు. సంస్థానాధిపతులు చేరమి నా సమాఖ్య యేర్పడనేలేదు. బనగానపల్లె 1948లో మదరాసు రాష్ట్రమున కలిసిపోయెను. నిబంధన కాగితముమీదనే నిలిచెను. అయినను దాని యంతరార్థమును చదువరులు గమనింతురు గాక. ముప్పదివేలకు మించిన జనమున్న సంస్థానమున నవాబు ఒక్కని స్వరమునకు చట్టము అండగా నిలిచెను. ఆ వేలమంది స్వరమును గూర్చి యొక్క పంక్తియైనను వ్రాయలేదు.

రహస్య కాంగ్రెసు రేడియోను బొంబాయిలో నడపిన ఉషా మెహతాను 1942 నవంబరులో ప్రభుత్వము నిర్బంధించెను. ఐదేండ్లకు స్వరాజ్యము వచ్చెను. 1885వ సంవత్సరపు చట్టము మాత్రము కదలలేదు. రాజ్యాంగము తంతి తపాలాలను, టెలిఫోనును, నిస్తంత్రిని, రేడియో ప్రసారమును కేంద్రము పట్టికలోనే యుంచెను. స్వరాజ్య ప్రభుత్వము మేలు చేయలేదనుట కృతఘ్నత. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడయందును, 1963లో కడపయందును రేడియో కేంద్రములు వెలసి తెలుగు పలుకును, సేద్యపు మెలకువలను, సంగీతమును ఇంటింటికి చేర్చినవి. అయినను తప్పెట యొకరి చేతిలోనే యుండెను.

1995 ఫిబ్రవరి 9వ తేదీన సుప్రీము కోర్టు ఈ విషయమున గొప్ప తీర్పు చెప్పెను. క్రికెట్టు పోటీల ప్రసారమును గూర్చి పుట్టిన యా వ్యాజ్యములో న్యాయమూర్తి పి. బి. సావంత్, తోడి న్యాయమూర్తి మోహన్, తెలుగువాడైన బి. పి. జీవన్‌రెడ్డి విచారణ సలిపి, వాయుతరంగములు ప్రజల యాస్తి యనిరి. వానిపై ప్రభుత్వమునకు గుత్తాధికారము తగదు. అట్లని ధనికుల గుత్తకును వానిని వదలరాదని జీవన్‌రెడ్డి వేఱుగా వ్రాసిన తీర్పులో విశదపఱచెను. ప్రభుత్వ నియంత్రణము వేఱు, ప్రజా నియంత్రణము వేఱు అనునది దాని సారము.

ఈ తీర్పు వెలువడిన యేడేండ్లకు, బనగానపల్లెకు ఉత్తరమున కర్నూలు నంద్యాల బాటమీద నున్న ఓర్వకల్లులో ఒక చిన్న ప్రయత్నము జరిగెను. పొదుపు సంఘముల స్త్రీలు 2002 అక్టోబరు 2వ తేదీన "మన రేడియో" అను పేర ప్రసారములు మొదలుపెట్టిరి. యంత్రము స్వల్పశక్తి గలది. దాని మాట పొరుగు తాలూకాకైనను పోవునది కాదు. కఱవు సీమలో రూపాయి రూపాయి కూడబెట్టి అప్పుల బాధనుండి బయటపడజూచుచున్న స్త్రీలు తమ ఊరి సంగతి తమ నోట చెప్పుకొన నారంభించిరి. 2003 ఫిబ్రవరిలో కేంద్రాధికారులు వచ్చి, లైసెన్సు లేదని యంత్రమును స్వాధీనపఱచుకొనిరి. నాడు విద్యాసంస్థలకు మాత్రమే అట్టి లైసెన్సు నిచ్చు విధానము కలదు. పల్లె స్త్రీల సంఘము కోరుకొనుటకైనను దారి లేదు. నవాబునకు నిరాకరింపరాదన్న సీమలోనే స్త్రీలకు దరఖాస్తు సైతము లేకపోయెను.

మెదకు సీమలోని జహీరాబాదు ప్రాంతమున మఱియొక విధముగా నడచినది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీలు మాచనూరులో స్టూడియో సిద్ధపఱచుకొని ఇంచుమించు పదియేండ్లు వేచిరి. లైసెన్సు లేదు గావున మాటలను, పాటలను టేపులమీద పట్టి సంఘముల కూటములలో వినిపించుకొనిరి. 2006 నవంబరులో కేంద్రము విధానమును సడలించి స్వచ్ఛంద సంస్థలకును అవకాశము కల్పించెను. 2008 అక్టోబరు 15వ తేదీన వారి సంఘం రేడియో ఆకాశమున పలికెను. దానిని ప్రారంభించినవాడు ఆ న్యాయమూర్తి సావంతే. తీర్పు చెప్పినవాడు దాని ఫలమును కన్నులార చూచుటకు పదుమూడేండ్లు పట్టెను.

నియమమే వలదని యెవ్వరును వాదింపరు. ఒకే తరంగముమీద ఇద్దఱు పలికినచో ఇద్దఱి మాటయు చెడును. విమానములకును, నావలకును పోవు సంకేతములకు అడ్డము వచ్చినచో ప్రాణములే పోవును. ద్వేషమును రేపు మాటలకు శిక్ష వలయును. అయితే కాలువ నీటిని వంతులవారీగా పంచు నీరుకట్టువాడు వేఱు, కాలువ నాదియే యనువాడు వేఱు. మొదటివాడు లేనిదే సేద్యము సాగదు. రెండవవాడున్నచో సేద్యగాడు సాగడు. తరంగములు ఢీకొనకుండ చూచుట మొదటివాని పని. పలుకువా రెవరు, ఏమి పలుకుదురు అని ముందుగా జంకి ద్వారము మూయుట రెండవవాని పని. ఓర్వకల్లు యంత్రమును పట్టుకొన్న చట్టము ఈ రెండు పనులను వేఱు చేయలేదు.

1885, 1933 సంవత్సరముల చట్టములకు బదులుగా 2023వ సంవత్సరపు టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చినది. 2024 జూన్ నుండి దాని సెక్షన్లు విడతగా అమలునకు వచ్చినవి. ప్రజల పక్షమున కేంద్ర ప్రభుత్వము తరంగములకు యజమాని యని అందు వ్రాసిరి. ప్రజల పక్షమున అను మాట క్రొత్తది; సంతోషమే. కాని వార్తలను ఆపుటకును, పట్టి చూచుటకును పాత అయిదవ సెక్షనులో నుండిన అధికారము క్రొత్త చట్టపు ఇరువదియవ సెక్షనులో నిలిచియున్నది. సంఘముల రేడియోలు ఆకాశవాణి వార్తలను తిరిగి వినిపించుటయే గాని తమ ఊరి వార్తను తాము కూర్చి చెప్పరాదన్న నియమమును విధానము విడువలేదు. ఊరి బావి యెండినదని ఊరి రేడియో వార్తగా చెప్పరాదన్నచో, దానికిని తప్పెటకును భేద మేమి?

స్త్రీ మాటాడరాదన్న యింటి కట్టుబాటును తొలగించుటకు మన పెద్దలు పెక్కేండ్లు పాటుపడిరి. ఇంట నోరు విప్పిన యామె ఊరికి వినబడవలెనన్న చట్టమును సంస్కరించుటయు ఆ పనిలోని భాగమే. పక్షమున నిలుచుట యనగా బదులుగా పలుకుట కాదు, పలుకనిచ్చుట. దీనిని ప్రభుత్వమునకు తెలియజెప్పవలసినవారము మనమే.